పెదవి బాగుచేయించుకోవడానికి అమ్మతో మద్రాసు

ఈ ప్రయాణం గురించి మా వీధిలో చెలామణీ అవుతున్న కథ ఒకటుంది. యాభై దాటాక నాకు అందం పిచ్చి పట్టిందట. డెబ్బై నాలుగేళ్ళ తల్లిని మందుల సంచి మోయడానికి వెంటబెట్టుకుని మద్రాసు పోయానట. ఇందులో ఒక్క మాటా నిజం కాదు. సంచి నేనే మోశాను. అమ్మ మోసింది తన చోడిపిండి, అంటే రాగిపిండి, డబ్బా ఒక్కటే. దాన్ని ఆవిడ ఎవరి చేతికీ ఇవ్వదు. ఇక అందం పిచ్చి అంటారా, అది నాకు పదిహేనో ఏటనుంచే ఉంది. యాభై దాటాక కొత్తగా దొరికింది సెలవు, అంతే.

నేను పై పెదవి చీలి పుట్టాను. దాన్ని మా వైపు గ్రహణం మొర్రి అంటారు. ఏడో ఏట విశాఖపట్నంలో కుట్టారు. కుట్టినవాళ్ళను తప్పుపట్టను. చీలిక మూసుకుంది, అన్నం తిన్నాను, ఎమ్మే చదివాను, శ్రీకాకుళంలో జూనియర్ కాలేజీలో అర్థశాస్త్రం చెబుతున్నాను. నా నోటికి భయపడని విద్యార్థి ఇంతవరకూ తగల్లేదు. అయితే వయసుతో పాటు మచ్చ పెదవిని పైకి లాగేసింది, ఎడమ ముక్కుపుటం చదునుగా కూర్చుండిపోయింది. దాన్ని సరిచేయించుకోవాలనిపించింది. ఈ వయసులో ఎందుకని అడిగినవాళ్ళందరికీ ఒకటే జవాబు చెప్పాను: మీ ఇల్లు కట్టి ముప్ఫై ఏళ్ళయింది కదా, నిరుడు రంగులెందుకు వేయించారు?

రెండో కారణం అమ్మ. నన్ను కడుపుతో ఉండగా గ్రహణం వేళ కత్తిపీట ముట్టిందట. ఆ రోజు కోడలు తరిగింది కూర కాదు, నా పెదవి అని మా నాయనమ్మ బతికినంతకాలం ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. అమ్మ ఏనాడూ కాదనలేదు. ఆవిడ నా ముఖంలోకి నేరుగా చూసి మాట్లాడ్డం నేనెరగను. నా చెవితో మాట్లాడుతుంది, లేకపోతే నా జడతో. గ్రహణం వస్తోందంటే ముందురోజే వీధిలో కడుపుతో ఉన్న ఆడపిల్లల ఇళ్ళకు పోయి కత్తిపీటలు, కత్తెరలు, బ్లేడ్లు, చివరికి కొబ్బరి కోరాలు కూడా పట్టుకొచ్చి మా బీరువాలో పెట్టి తాళం వేస్తుంది. గ్రహణం విడిచాక ఎవరి కత్తిపీట ఎవరిదో తేలక మా గడపలో పంచాయితీ. వీధంతా నవ్వుతుంది. నాకు నవ్వు రాదు.

అందుకని ఎవరైనా పెద్ద డాక్టరు అమ్మ ఎదుట కూర్చుని, ఆవిడ వినేలా, నీ తప్పు కాదమ్మా అనాలని కోరిక. ఆ సంగతి మాత్రం నేనెవరికీ చెప్పలేదు, అమ్మకు అసలే చెప్పలేదు. సాయానికి రమ్మన్నాను, వచ్చింది.

బయలుదేరకముందే తిరుపతి

మా వైపు ఆపరేషన్‌కు వెళ్ళేవాళ్ళు తిరుపతి వెళ్తున్నామని చెబుతారు. గర్భసంచి తీయించుకోవడానికి వెళ్ళినా, కంటిపొర కోయించుకోవడానికి వెళ్ళినా తిరుపతే. మా ఆయన అక్క, అంటే మా వదిన, నాకు ఆ మంత్రమే ఉపదేశించింది.

"మొకం మీద ఆపరేసనని సెప్తే నవ్విపోతారు. తిరపతని సెప్పు. గుండేదని అడిగితే మూడు కత్తెరలిచ్చీసినానని సెప్పు."

"స్వామి పేరు మీద అంత అబద్ధమాడితే కళ్ళు పోవా వదినా?"

"పోతే అవీ మద్రాసులోనే పెట్టించీసుకో. ఎలాగూ ఎల్తన్నావు కదా."

నేను ఒప్పుకోలేదు. కాలేజీలో, వీధిలో, పాలవాడికి కూడా నిజమే చెప్పాను. కానీ వదిన అప్పటికే తన పని తాను చేసేసింది. బయలుదేరే ముందురోజు ఎదురింటి ముసలావిడ పసుపు గుడ్డలో ముడుపు కట్టి పట్టుకొచ్చింది, హుండీలో వేసి రమ్మని. నేను వెళ్ళేది ముక్కు బాగుచేసే డాక్టరు దగ్గరికని వివరంగా చెప్పాను. ఆవిడ ముడుపు వెనక్కి తీసుకుని, నా ముఖం ఎగాదిగా చూసి, "బాగానే ఉన్నాది కదే" అంది. యాభై ఏళ్ళుగా ఎదురింట్లో ఉండి ఆ మాట అప్పుడు చెప్పింది!

విజయనగరం దాటాక

ఆమదాలవలసలో రైలెక్కాం. విజయనగరంలో పట్టుచీరలో ఒకావిడ ఎక్కి, మా ఎదుట కూర్చుని, సామాను సర్దకముందే సంగతులు మొదలెట్టింది. మా జిల్లాల్లో పక్కవాళ్ళ పని తెలుసుకోకుండా ప్రయాణం చేయడం మర్యాద కాదు.

"ఏ ఊరు? ఎందాకా? ఏటి పని?"

శ్రీకాకుళమనీ, మద్రాసనీ, పెదవికీ ముక్కుకీ ఆపరేషననీ చెప్పాను. అమ్మ నన్ను మోచేత్తో పొడిచింది. పట్టుచీర ఆవిడ నవ్వలేదు. అటూ ఇటూ చూసి, చెవికున్న దుద్దు తీసి, నా వైపు వంగింది. తమ్మె రెండుగా చీలి ఉంది.

"పెళ్ళినాడు మా అత్త పెట్టిన బుట్టల బరువుకి తెగిపోనాది. ఇది కుడతారేటి?"

కుడతారనే అనుకుంటున్నానన్నాను. పై బెర్తు మీద నిద్రపోతున్నాడనుకున్న ఆయన తల కిందికి వేలాడేసి, బట్టతల మీద జుట్టు నాటుతారట, నిజమేనా అని అడిగాడు. కిటికీ పక్క కుర్రాడి తల్లి పిల్లాడి కాలిన మచ్చ చూపించింది. సామర్లకోట వచ్చేసరికి నా చుట్టూ ఒక ఆసుపత్రి నడుస్తోంది. నవ్విపోతారన్న వదిన ఈ బోగీలో ఉండాల్సింది.

మధ్యాహ్నం అమ్మ మూట విప్పింది. చింతపండు పులుసు కలిపిన అన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళనే చిన్న చేపలు. ఏసీ బోగీలో నెత్తళ్ళ వాసన ఎంత దూరం పోతుందో ఆ రోజే తెలిసింది. తలుపు దగ్గరనుంచి ఒకాయన ముక్కు మూసుకుని వచ్చి, చూసి, రెండు అడిగి తీసుకుపోయాడు.

మద్రాసు లాడ్జి

ఆసుపత్రి వెనక వీధి మొత్తం లాడ్జీలే. గదిలో గ్యాస్ పొయ్యి కూడా ఇస్తారు. రోజుకు తొమ్మిది వందలు, పొయ్యికి వంద వేరే. బెంగాలీలు, ఒడియావాళ్ళు, మనవాళ్ళు ఎవరి కూర వాళ్ళు వండుకుంటారు. మొదటి ఉదయం ఇడ్లీ తిన్నాం. దూదిలా ఉంది, ఒప్పుకుంటాను. కానీ సాంబారు తియ్యన. మా అమ్మ గిన్నె వంక చూసి, "ఇది పులుసా, పానకమా?" అని అడిగింది. కాఫీకి మాత్రం ఆవిడ లొంగిపోయింది. రోజూ రెండు పూటలా నన్ను లాక్కెళ్ళి ఇత్తడి గ్లాసులో తాగింది. ఇక్కడి ఆడవాళ్ళు ఎంత వయసువాళ్ళయినా కూరగాయల కొట్టుకు కూడా పూలు పెట్టుకునే వస్తారు. మా ఊళ్ళో ఏ ఫంక్షనూ లేకుండా యాభై దాటినవాళ్ళ తల్లో పూలు కనిపిస్తే, ఏం విశేషమని అడుగుతారు. నేనొక మూర కొని పెట్టుకున్నాను. విశేషమేమీ లేదు.

రెండో రోజే గొడవ. మిగిలిన నెత్తళ్ళు అమ్మ పొయ్యి మీద వేసింది. లాడ్జి యజమాని పరిగెత్తుకొచ్చాడు. గోడ మీద ఉన్న శాకాహార బోర్డు తమిళంలో ఉంది.

"సదవడం రాదు బాబూ," అంది అమ్మ, తెలుగులో కూడా రాదని చెప్పకుండా.

నేను వాదనకు దిగాను. నాలుగు భాషలవాళ్ళకు గదులిస్తూ బోర్డు ఒక్క భాషలో పెడితే తప్పు ఎవరిదన్నాను. ఆయన నెత్తళ్ళు పారేయించాడు గానీ, మర్నాడు బోర్డు కింద చేప బొమ్మ గీసి, దాని మీద అడ్డంగా ఎర్ర గీత కొట్టించాడు. ఆ బొమ్మ మా వల్ల వచ్చిందే.

డాక్టరు గది

డాక్టరు నలభై లోపు ఆవిడ. తమిళ యాసలో తెలుగు మాట్లాడుతుంది. నా ముఖాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, చెవి వెనకనుంచి చిన్న ముక్క మెత్తటి ఎముక తీసి ముక్కుపుటం నిలబెడతాననీ, పాత మచ్చ తీసేసి పెదవి మళ్ళీ కుడతాననీ చెప్పింది. కొత్త ముఖం రాదు, మీ ముఖమే నిటారుగా వస్తుంది అంది. నాకు కావలసిందీ అదే.

అప్పుడు నేననుకున్న రెండో పని మొదలెట్టాను. "డాక్టరుగారూ, ఇది ఎందుకొస్తుందో మా అమ్మకు చెప్పండి," అన్నాను.

అమ్మ కుర్చీలో బిగుసుకుపోయింది. డాక్టరు కుర్చీ ముందుకు జరుపుకుంది.

"అమ్మా, కడుపులో బిడ్డకు పెదవి రెండు వైపులనుంచి వచ్చి మధ్యలో కలుస్తుంది. కొందరికి కలవదు. ఎవరి తప్పూ కాదు."

"గ్రహణంలో కత్తి ముట్టినాను," అంది అమ్మ, నేలను చూస్తూ.

"అప్పటికి ఎన్నో నెల?"

"అయిదు."

"పెదవి రెండో నెల దాటకముందే తయారైపోతుందమ్మా. మీరు కత్తి ముట్టేసరికి ఈవిడ పెదవి ఎలా ఉండాలో అలాగే అయిపోయి ఉంది."

ఇంతకంటే స్పష్టంగా ఎవరు చెబుతారు? అమ్మ మర్యాదగా తల ఊపింది, నమస్కారం పెట్టింది. బయటికొచ్చాక మెట్ల మీద ఆగింది.

"మంచిదే, సదువుకున్నాది. పెళ్ళయినట్టు లేదు. ఆవిడకేటి తెలుస్తాది?"

"ఆవిడ రోజూ ఈ పిల్లల్నే చూస్తుందే!"

"సూస్తాది, కుడతాది. ఎందుకొస్తాదో ఆవిడకెందుకు తెలుస్తాది? టైలరుకి గుడ్డ ఎలా సిరిగిందో తెలుస్తాదేటి?"

కాఫీ వేళయిందని నన్ను లాక్కుపోయింది.

కుట్లు

ఆపరేషన్ గురించి చెప్పడానికేమీ లేదు, నిద్రపోయాను. లేచేసరికి ముక్కులో గొట్టాలు, పెదవి మీద ప్లాస్టరు. వారం పాటు మాట్లాడొద్దు, నవ్వొద్దు, నమలొద్దు అన్నారు. నమలకపోవడం సులువు. అమ్మ చోడి అంబలి పల్చగా కాచి చెంచాతో పోసేది. ఆసుపత్రివాళ్ళిచ్చిన పళ్ళరసాల కంటే అదే దిగింది. మాట్లాడకపోవడమే శిక్ష. ఫోన్లో మా ఆయన "ఇంత ప్రశాంతంగా ఎప్పుడూ లేదు" అన్నాడు. జవాబివ్వలేని సమయం చూసి అనడమే ఆయన ధైర్యం.

అలా నాకు నోరు లేని రోజుల్లోనే, ఈ ప్రయాణంలో మాట్లాడవలసిన మాటలన్నీ పడ్డాయి.

మేడమీది వరండా

లాడ్జిలో మా పక్క గదిలో మినతి అని ఇరవై రెండేళ్ళ పిల్ల దిగింది. పర్లాకిమిడి పక్క పల్లె. మొగుడు మద్రాసులోనే బిల్డింగు పనిలో ఉన్నాడు, పగలంతా ఉండడు. ఒళ్ళో నాలుగు నెలల ఆడపిల్ల. నేను పుట్టినప్పుడు ఎలా ఉన్నానో ఎవరూ ఫొటో తీయలేదు. ఆ బిడ్డను చూశాక తీయనక్కర్లేదనిపించింది. మా అమ్మ పుట్టిల్లు పాతపట్నం. సరిహద్దు మనిషి కాబట్టి ఒడియా, తెలుగు కలిపి మాట్లాడేస్తుంది. మినతీ అంతే. రెండు రోజుల్లో అమ్మ ఆ పిల్లకు మావుసీ అయింది, అంటే పిన్ని. ఇద్దరూ వరండాలో కూర్చుని, బిడ్డకు పొడుగు మూతి చెంచాతో పాలు పట్టేవారు.

ఒక సాయంత్రం మినతికి అత్తగారి ఫోనొచ్చింది. బిడ్డ చేతిలో ఉందని ఫోను స్పీకర్లో పెట్టి గోడమీద ఉంచింది. అత్తగారి గొంతు వరండా అంతా వినిపించింది. ఖర్చు గురించి కాసేపు, తరవాత అసలు మాట. గ్రహణం నాడు సరిగ్గా ఉండి ఉంటే ఈ ఖర్చే లేకపోవును కదా అని. మినతి ఏడుస్తూ కూర్చుంది. అమ్మ మెల్లగా అడిగింది.

"ఏటి కోసినావే గుంటా?"

"ఏమీ కోయలేదు మావుసీ. పట్టకముందే చాపమీద వెల్లకిలా పడుకోబెట్టీసినారు. విడిసిందాకా కదల్లేదు. తల దురదెట్టినా గోకలేదు. బయటికి పోవాల్సొచ్చినా లేవలేదు."

ఫోనులోంచి అత్తగారు అందుకుంది. "నిద్దట్లో కాలు ముడిసుంటాది!"

అమ్మ చేతిలో పాలచెంచా ఆగిపోయింది. తరవాత చెంచా కిందపెట్టి, గోడమీది ఫోను తీసుకుంది. మా అమ్మ ఫోన్లో గట్టిగా మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. మా నాయనమ్మ ఎదుట తల ఎత్తి మాట్లాడటం అసలే చూడలేదు. ఒడియాలో కొంత, తెలుగులో ఎక్కువగా సాగింది.

"ఏటమ్మా, పక్కన కూకుని సూసినావా కాలు ముడిసిందని?"

"నువ్వెవరు మధ్యలో?"

"నానా? నాకు యాభై ఏళ్ళ అనుబవం ఉన్నాది ఇందులో. విను. నాను కోసినాను. కత్తిపీట మీద కూకుని మరీ కోసినాను. నా మనవరాలి వయసున్న ఈ గుంట కర్రలాగ పడుకున్నాది. నా బిడ్డకీ అదే వచ్చినాది, దీని బిడ్డకీ అదే వచ్చినాది. మరి కోసినదానికీ కొయ్యనిదానికీ తేడా ఏటి?"

అమ్మ ఫోను నోటికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

"సెప్పు! కాలు ముడిస్తే పెదివి తెగుతాదేటి? మీ ఊర్లో కాలు మీద ఉంటాదేటి పెదివి?"

నాకు నవ్వు పొంగుకొచ్చింది. నవ్వితే కుట్లు ఊడతాయి. రెండు చేతులతో ముఖం పట్టుకుని గోడకు తిరిగిపోయాను. కళ్ళలోంచి మాత్రం నీళ్ళు కారాయి, వాటిని ఆపమని డాక్టరు చెప్పలేదు.

"డాక్టరమ్మ సెప్పినాది, రెండో నెల్లోనే అయిపోతాదట. నీ కోడలికి గ్రహణమెప్పుడు? ఆరో నెల్లోనా? మరింకేటి! నా కూతుర్ని సూడు, ఎమ్మే సదివినాది, కాలేజీలో సెప్తన్నాది. మొర్రి ఉంటే ఏటయిపోనాది?"

ఫోను పెట్టేసింది. ఎలా పెట్టాలో తెలియక మినతి చేతికిచ్చి, "కోసీయ్" అంది. మినతి ఏడుపు మధ్యలో నవ్వింది.

అప్పుడు అమ్మ నా వైపు తిరిగింది. చెవి వైపు కాదు, జడ వైపు కాదు. వాచిపోయి, ప్లాస్టరు వేసి, ముక్కులో గొట్టాలున్న ఆ ముఖంలోకి చూసింది.

"అంతే కదేటే?" అంది. "నాను కొయ్యకపోయినా నువ్విలగే పుట్టేదానివి. అంతే కదా?"

మాట్లాడకూడదు కాబట్టి తల ఊపాను. ఎన్నిసార్లు ఊపానో నాకే తెలియదు. ఎమ్మే చేసి, కోర్టులో లాయరుతో కూడా వాదించి గెలిచిన దాన్ని నేను. నా జన్మలో విన్న వాదనల్లో అంత గట్టిది లేదు. అది మా అమ్మది.

కుట్లు విప్పించుకోవడానికి వెళ్ళినప్పుడు అమ్మ డాక్టరుకు సర్టిఫికెట్ కూడా ఇచ్చింది. "నువ్వు సెప్పింది కరెక్టే డాక్టరమ్మా. ఇంకొకర్ని కనుక్కున్నాను." డాక్టరు థాంక్స్ చెప్పింది. అద్దం నా చేతికిచ్చింది. వాపు ఇంకా ఉంది. పెదవి మాత్రం సూటిగా ఉంది. ముక్కు రెండు వైపులా ఒకేలా నిలబడింది. నా ముఖమే, నిటారుగా.

తిరుగు రైలు

గోదావరి దాటుతుండగా అమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. అప్పటికి మాట్లాడటానికి అనుమతి వచ్చింది, మెల్లగా. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అడగని ప్రశ్న అడిగాను.

"అమ్మా, అన్ని పద్ధతులూ తెలిసినదానివి, ఆ రోజు కత్తిపీట ఎందుకు ముట్టావే?"

"కళ్ళంలో నూర్పులవుతన్నాయి. పదిమందికి కూడు పంపాల. ఆనపకాయ సేతికిచ్చి, గ్రహణం పట్టడానికి ఇంకా టైమున్నాది, గబగబా తరిగీయే అన్నాది. తరుగుతుండగా పట్టీసినాది."

"అన్నది ఎవరు?"

"ఇంకెవరు? మీ నాయనమ్మే."

నేను లేచి అమ్మ ఎదుటి సీట్లోకి మారాను.

"మరి ఆవిడ ఊరంతా నిన్ను అంటుంటే, కోయమన్నది నువ్వే కదా అని ఒక్కసారైనా ఎందుకనలేదు?"

అమ్మ చోడిపిండి డబ్బా మూత బిగించింది. ఖాళీ డబ్బా అది.

"అంటే ఏటవుతాది? ఆవిడ కూడా కుమిలిపోతాది. నాను మోస్తన్నాను కదా, ఇద్దరెందుకనుకున్నాను." కాస్త ఆగి, నా ముక్కు చూసింది. "బాగున్నాదే. మీ నాన్న ముక్కే. ఇన్నాళ్ళూ తెలీలేదు."

ఇంటికొచ్చి రెండు నెలలైంది. వాపు పూర్తిగా తీసింది. ఎదురింటి ముసలావిడ మనవరాలి చెవికి డాక్టరు అడ్రసు పట్టుకెళ్ళింది. వదిన కూడా వచ్చి, తలుపు దగ్గరగా వేసి, కళ్ళ కింద సంచుల గురించి అడిగింది. తిరుపతి పేరెత్తలేదు. కాలేజీలో గ్రూపు ఫొటోకి మధ్యలో కూర్చున్నాను. అమ్మ ఎదుటివాళ్ళు అడగకపోయినా, మద్రాసులో తాను ఎవరితో ఎలా వాదించిందో చెబుతోంది. చెప్పిన ప్రతిసారీ అత్తగారి జవాబులు తగ్గుతున్నాయి, అమ్మవి పెరుగుతున్నాయి. నాకది గర్వమే.

ఒక్కటే నన్ను వదలడం లేదు. నాయనమ్మ పోయి పన్నెండేళ్ళయింది. అడగడానికి మనిషి లేదు, అమ్మను అడిగితే "అది ఆవిడకే తెలియాల" అంటుంది. వాకిట్లో పీట వేసుకుని, వచ్చినవాళ్ళందరికీ మా అమ్మను చూపించి "ఇదే కోసినాది" అని చెప్పిన అన్నేళ్ళలో, ఆ ఆనపకాయ అందించిన చెయ్యి తనదేనని ఆ మనిషికి ఒక్కనాడైనా గుర్తొచ్చిందా, లేదా?